పరిమళం సగమే చెప్పాలి

కథ రాయడం నేర్పేవాళ్ళ మధ్య పాత తగాదా ఒకటి ఉంది. కన్నునూ చెవినీ ముక్కునూ తట్టి లేపితే ఊహ దానంతటదే లేస్తుందని ఒక పక్షం. ఊహ చదువులోంచి, భాషలోంచి, లోకజ్ఞానంలోంచి వస్తుందని, ఇంద్రియాల పేరుతో చేయించే అభ్యాసాలు వర్ణనలు కుప్ప పోయిస్తాయి గాని కథ పుట్టించవని రెండో పక్షం. ఈ రెండు పక్షాలూ ఒకే కుటుంబంలో ఎదురుపడ్డాయి. మేనమామ విజయవాడలో ఒక వారపత్రికకు కథల పేజీ చూసి రిటైరయ్యాడు. మేనకోడలు డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతుంది, సెలవుల్లో పిల్లలకు కథారచన శిబిరం నడుపుతుంది. శిబిరం కోసం ఆమె రాసుకున్న కాగితాలు ఆయన చేతిలో పడ్డాయి. ఆ తర్వాతి మాటలివి. నా మొగ్గు ఎటో ఒకటి రెండు చోట్ల చెప్పకుండా ఉండలేకపోయాను.

మేనమామ: అమ్మాయ్, మొదటి పేజీలో ఇదేమిటి? "పాత్ర గదిలోకి అడుగుపెట్టింది. ఏం చూసింది, ఏం విన్నది, ఏ వాసన తగిలింది, చేతికి ఏం తాకింది, నోట్లో ఏ రుచి ఉంది, అయిదూ రాయండి." గదిలోకి వచ్చిన మనిషి అయిదూ గమనిస్తాడా? అప్పులవాడు లోపల కూర్చుని ఉంటే గుమ్మం ముందు వాడి చెప్పులు ఒక్కటే కనబడతాయి. గోడ రంగు కూడా తెలీదు.

మేనకోడలు: అది మొదటి రోజు అభ్యాసం మావయ్యా. పిల్లలు రాసుకొచ్చేవి నువ్వు చూడలేదు. ఆమె చాలా బాధపడింది, అతని గుండె బరువెక్కింది, జీవితం శూన్యంగా అనిపించింది. పేజీలకు పేజీలు ఇంతే. ఎక్కడ నిలబడి బాధపడింది, ఎండలోనా నీడలోనా, అప్పుడు చేతిలో ఏముంది అని అడిగితే నా మొహం చూస్తారు. వాళ్ళని ముందు నేల మీదికి దింపాలి కదా.

మేనమామ: దింపు, కాదనను. కానీ ఏ నేల మీదికి? నా బల్ల మీదికి వచ్చిన కవర్లలో వాన పడితే మట్టివాసన వచ్చి తీరేది. అమ్మమ్మ వస్తే వెనకాలే ఆవకాయ జాడీ. పెళ్ళయితే మల్లెపూలు. ఊరు గుర్తొస్తే కట్టెలపొయ్యి పొగ. ఆ రాసినవాళ్ళలో చాలామంది ముక్కు వాడనేలేదు. అంతకుముందు అచ్చయిన కథలు వాడారు. ఇంద్రియం పేరు చెప్పి పట్టుకొచ్చింది ఒకరి ఎంగిలి.

మేనకోడలు: మట్టివాసన మీద అంత కోపమెందుకు? 1964లో ఇసబెల్ బేర్, రిచర్డ్ థామస్ అని ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 'నేచర్' పత్రికలో దాని గురించి రాసి పెట్రికోర్ అని పేరు పెట్టారు. మట్టిలోని సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం ఆ వాసనలో ఒక పాలు. ఎంత కొంచెం ఉన్నా మనిషి ముక్కు దాన్ని పట్టేస్తుంది. కన్నౌజ్‌లో అయితే దాన్ని సీసాల్లోకే ఎక్కిస్తారు. కాల్చిన మట్టి బిళ్ళల్ని నీళ్ళలో వేసి మరిగించి, ఆ ఆవిరిని గంధపు నూనెలోకి దించుతారు. మిట్టీ అత్తరు అంటారు. ఎండలు మండిపోయే రోజుల్లో కూర్చుని వాన వాసన తయారుచేసే మనిషిని తలుచుకో. అతని మీద ఎన్ని కథలు రావచ్చు!

మేనమామ: రావచ్చు. ఆ కథ నీకు ఎక్కణ్ణించి వచ్చిందో అది చెప్పు. ముక్కులోంచి రాలేదు. కన్నౌజ్‌లో అలా చేస్తారని ఎక్కడో చదివితే వచ్చింది. ఆలంకారికుడు మమ్మటుడు కావ్యానికి కారణాలు చెబుతూ శక్తి, నిపుణత, అభ్యాసం అన్నాడు. లోకాన్నీ శాస్త్రాలనూ కావ్యాలనూ బాగా పరిశీలిస్తే ఆ నిపుణత వస్తుందన్నాడు. ఆయన చూడమంటుంటే నువ్వు పిల్లల చేత కళ్ళు మూయిస్తున్నావు.

మేనకోడలు: ఆయన లోకాన్నే ముందు చెప్పాడుగా! కళ్ళు మూయించి ఏం చేశానో విను. చిన్న చిన్న గుడ్డ మూటలు కట్టాను. ఒకదాంట్లో వాము, ఒకదాంట్లో ఇంగువ, ఇంకోదాంట్లో కిరసనాయిలు చుక్క వేసిన దూది, తడిపిన గోనె ముక్క ఒకటి, కలరా ఉండలు ఒకటి. తలా ఒకటి ఇచ్చి వాసన చూడమన్నాను. అదేమిటో పేరు చెప్పొద్దు, ఆ వాసన ఉన్న ఇంట్లో ఎవరున్నారో రాయమన్నాను.

మేనమామ: కలరా ఉండలు వచ్చినవాళ్ళు ట్రంకుపెట్టె, పట్టుచీర, అమ్మమ్మ పెళ్ళి రాసి ఉంటారు.

మేనకోడలు: రాశారు, ఒక్క అమ్మాయి తప్ప. ఆ అమ్మాయి కథలో పెట్టె ఏడాదికి ఒకసారో రెండుసార్లో తెరుస్తారు. తెరిచిన రోజు వాసన వసారా దాకా వస్తుంది. పిల్ల బడి నుంచి వస్తూ గేటు దగ్గరే పసిగట్టి, ఈ నెల ఫీజు సంగతి ఎత్తకూడదని అనుకుంటుంది. పట్టుచీర మడతల అడుగున ఉన్న గాజుల కోసమే ఆ పెట్టె తెరిచేది. కథలో తాకట్టు అన్న మాట లేదు, అప్పు అన్న మాట లేదు. రాత్రి అన్నం వడ్డిస్తుంటే అమ్మ చేతుల నుంచి కలరా ఉండల వాసన వస్తుంది. గాజుల చప్పుడు మాత్రం వినపడదు. అంతే కథ.

మేనమామ: బాగుంది. నా బల్ల మీదికి వచ్చి ఉంటే ఆ వారమే వేసుకునేవాణ్ణి. కానీ ఒక మాట అడుగుతాను. అదే మూట మిగతావాళ్ళకీ ఇచ్చావు, ముక్కులు అందరికీ ఉన్నాయి. ఆ కథ ఆ పిల్లకే ఎందుకు వచ్చింది? ఆ పిల్లకి లేమి అంటే ఏమిటో తెలుసు. వాసన కొత్తగా ఏదీ ఇవ్వలేదు, లోపలున్నదాన్ని కదిలించింది.

మేనకోడలు: కదిలించిందని ఒప్పుకున్నావు కదా, నాకు అది చాలు. అదే అమ్మాయి అంతకుముందు పేదరికం మీద కథ రాసింది మావయ్యా. చిరుగుల చీర, ఆకలికి ఏడ్చే పసిపిల్ల, దయలేని షావుకారు. ఆమెకు తెలిసిన లేమి అందులో ఒక్క వాక్యంలో కూడా లేదు. విషయం పేరు చెప్పి రాయమనేసరికి చదివిన కథలన్నీ వచ్చి కూర్చున్నాయి. మూట చేతిలో పెడితే తన ఇల్లు వచ్చింది.

మేనమామ: మిగతావాళ్ళకి మూట ఇచ్చినా చదివిన కథలే వచ్చాయిగా.

మేనకోడలు: మొదటిసారి ఎవరికైనా అదే వస్తుంది. అందుకే ఆ కాగితం పక్కన పెట్టించి మళ్ళీ రాయించాను. ఇదే వాసన నీకు ఇష్టంలేని చోట ఎక్కడ తగిలిందో గుర్తు తెచ్చుకో అన్నాను. అప్పుడు ఒకబ్బాయి హాస్టల్ మరుగుదొడ్డి రాశాడు. అక్కడ కూడా కలరా ఉండలే వేస్తారు. చేరిన కొత్తలో రాత్రిళ్ళు వాడు ఏడవడానికి వెళ్ళిన చోటు అది. మొదటి కాగితంలో వాడూ అమ్మమ్మ పెట్టే రాశాడు.

(రెండోసారి రాయించడమనే ఈ ఉపాయం చాలా చిన్నదిగా కనిపిస్తుంది గాని, శిబిరాల్లో దీనికి ఓపిక పట్టేవాళ్ళు తక్కువ. మొదటి కాగితం చదివి చప్పట్లు కొట్టించి పంపేస్తారు. ఈ విషయంలో నేను పూర్తిగా ఆమె పక్షం.)

మేనమామ: ఇష్టంలేని చోటు అడగడం మంచి పని. అయితే అది ముక్కు చేసిన పని కాదు, నువ్వు వేసిన ప్రశ్న చేసిన పని. అక్కడ నాకు గట్టి అభ్యంతరం ఉంది. పాఠంలో ఆ ప్రశ్న లేదు, అయిదు ఇంద్రియాల జాబితా ఉంది.

మేనకోడలు: జాబితా సంగతి తర్వాత చూద్దాం. ముందు మన పెద్దన దగ్గరికి రా. ఆయన పేరున చెప్పుకునే చాటుపద్యం నీకు నోటికి వచ్చుగా. ఊరికే కృతులు రాయమంటే సాధ్యమా అని, తనకు కావలసినవన్నీ వరసపెట్టి అడుగుతాడు. అలికిడి లేని చోటు కావాలి. కప్పురపు విడెం కావాలి, అదీ నచ్చిన దూతిక తెచ్చి ఇవ్వాలి. మనసుకు నచ్చిన భోజనం, ఊగడానికి ఉయ్యాల మంచం. చెవి, నాలుక, ముక్కు, ఒళ్ళు, అన్నీ సుఖపడితే గాని కలం కదలదన్నాడు.

మేనమామ: పద్యం సగంలో ఆపేశావు. తర్వాత ఏం కావాలన్నాడు? తప్పొప్పులు తెలిసిన రసజ్ఞులు కావాలన్నాడు. కవి మనసు తెలిసి రాసే లేఖకులు, అలాగే చదివేవాళ్ళు కావాలన్నాడు. విడెం నములుతూ ఉయ్యాలలో ఊగే జమీందార్లు ఊరికి ఇద్దరుండేవారు, వాళ్ళలో ఎవరూ మనుచరిత్ర రాయలేదు.

మేనకోడలు: రాయలేదు నిజమే. కానీ ఆ కప్పురపు విడెం ఎక్కడికి పోయిందో చూడు. మనుచరిత్రలో ప్రవరుడు హిమాలయం మీద చిక్కుకుపోయాడు. కాలికి రాసుకున్న పసరు మంచుకు కరిగిపోయింది. ఇంటికి దారి లేదు, అగ్నిహోత్రం వేళ దాటిపోతోంది. చుట్టూ కొండలు, సెలయేళ్ళు, మనిషి జాడ లేదు. అప్పుడు గాలి వీచింది. ఆ గాలిలో కస్తూరి కలిసిన కప్పురపు తాంబూలం వాసన ఉంది. పెద్దన తన గదిలో నమిలే విడేన్ని తీసుకెళ్ళి మంచుకొండ మీద పెట్టాడు. వరూధిని కథకు అక్కణ్ణించే దారి పడింది. ఇంద్రియం ఊహను లేపడం అంటే ఇంతకంటే ఏం కావాలి?

మేనమామ: ఇప్పుడు దారిలో పడ్డావు. అయితే ఆ పద్యాన్ని నువ్వు ఒక వైపు నుంచే చదువుతున్నావు. పరిమళం వచ్చినప్పుడు వరూధిని కనబడిందా? లేదు. ఆ వాసనను బట్టి ప్రవరుడు ఏమనుకున్నాడు? ఇక్కడెవరో మనుషులున్నారు, వెళ్ళి దారి అడగొచ్చు అనుకున్నాడు. చదివే మనకి అక్కడ ఆడమనిషి ఉందని కవి చెప్పేశాడు, ప్రవరుడికి మాత్రం మనుషులున్నారన్నంత వరకే తెలిసింది. ఇంటికి పోయే దారి కోసం ఆ వాసన వెంట నడిచి వెళ్ళి, ఇంటిని మరిపించాలని చూసే మనిషి ముందు నిలబడ్డాడు. పెద్దన అక్కడే నీ అయిదు ఇంద్రియాలూ పట్టిక వేసి, గజ్జెల మోత, చీర రంగు, పెదవుల ఎరుపు అన్నీ ఒకేసారి చెప్పి ఉంటే ప్రవరుడు ఒక్క అడుగు ముందుకు వేసేవాడా? ఆయన ముక్కుకి ఇచ్చింది కంటికి ఇవ్వలేదు. ఆ ఇవ్వకపోవడంలో కథ ఉంది.

(ఇక్కడ మాత్రం నేను మేనమామ పక్షం. ఇంద్రియాల గురించి చెప్పే పాఠాలన్నీ 'ఇంకా రాయి, ఇంకా రాయి' అంటాయి. ఏది దాచాలో చెప్పే పాఠం నాకు దాదాపు తగలలేదు.)

మేనకోడలు: ఉండు. నువ్వు నా మాటే బలపరుస్తున్నావు. కలరా ఉండల కథలో గాజుల చప్పుడు లేదు అన్నాను కదా. అక్కడ జరిగిందీ ఇదే. ముక్కుకి అందింది చెవికి అందలేదు.

మేనమామ: అందుకే ఆ కథ బాగుందన్నాను. ఇంద్రియాలు వద్దని నేనెప్పుడూ అనలేదు. సగం చెప్పే ఇంద్రియం కావాలి. పూర్తిగా చెప్పేస్తే చదివేవాడికి ఊహించడానికి ఏం మిగులుతుంది?

మేనకోడలు: సగం అన్నావు కనక ఫ్రెంచి నవలాకారుడు ప్రూస్ట్ సంగతి చెబుతాను. 1913లో వచ్చిన ఆయన నవల మొదటి సంపుటంలో టీలో ముంచిన మదలెన్ కేకు కథ అందరికీ తెలుసు. కేకు నోట్లో పెట్టగానే బాల్యమంతా గలగలా వచ్చేసిందని చాలామంది చెబుతారు. పుస్తకంలో అలా ఉండదు. కేకు కంటికి కనబడ్డప్పుడు ఏమీ గుర్తురాదు. గుటక పడగానే ఆనందం కలుగుతుంది, ఎందుకు కలిగిందో తెలియదు. రెండో గుటకలో కొత్తగా ఏమీ ఉండదు, మూడో గుటకకి ఆ ఆనందం పలచబడుతుంది. అప్పుడు కప్పు పక్కన పెట్టి మనసులో వెతుక్కుంటాడు. నాలుక ఒక చిక్కుముడి ఇచ్చింది, విప్పిన పని అంతా తలది.

మేనమామ: ఇంకో సంగతి చెప్పనా? ఆయన తొలి ప్రతుల్లో మదలెన్ లేదు. మొదట కాల్చిన రొట్టె ముక్క ఉంది, తర్వాత గట్టి రొట్టె బిస్కెట్టు లాంటిది వచ్చింది, చివరికి మదలెన్ అయింది. అసలు తిన్నది ఏదైతేనేం, రచయిత బల్ల ముందు కూర్చుని రుచిని ఎంచుకున్నాడు. పిల్లలకు నువ్వు ఇది చెప్పాలి. అనుభవం నిజం కనక దాన్ని అలాగే ఉంచాలని వాళ్ళు పట్టుపడతారు. "నిజంగా ఇలాగే జరిగింది సార్" అని ఎన్ని ఉత్తరాలు వచ్చేవో నాకు.

మేనకోడలు: చెబుతాను. కానీ ముక్కుకి ఉన్న ప్రత్యేకతను నువ్వు తోసేయకు. చూపు, వినికిడి మెదడులో థలామస్ అనే మజిలీ దాటి వెళ్ళాలి. వాసన ఆ మజిలీ లేకుండానే భావోద్వేగాలు, జ్ఞాపకాలు చూసుకునే చోట్లకి చేరుతుంది. వాసనల్ని పట్టే గ్రాహకాల జన్యువులను 1991లో కనిపెట్టినందుకు లిండా బక్, రిచర్డ్ యాక్సెల్‌లకు 2004లో నోబెల్ వచ్చింది.

మేనమామ: అది మూట చేతిలో ఉన్నవాడి సంగతి. చదివేవాడి చేతిలో ఉన్నది కాగితం. అక్షరాలకి వాసన ఉండదు. ఈ తేడా నీ పాఠంలో ఎక్కడా లేదు. రాసేవాడు వాసన చూసి ఏడవొచ్చు, ఆ ఏడుపు చదివేవాడికి చేరుతుందని ఎవరు చెప్పారు?

మేనకోడలు: స్పెయిన్‌లో చెప్పారు. 2006లో అక్కడి పరిశోధకులు కొందరికి మాటలు చదవడానికి ఇచ్చి మెదడు స్కాన్ చేశారు. దాల్చినచెక్క లాంటి వాసనగల వస్తువుల పేర్లు చదివినప్పుడు వాసనకు సంబంధించిన భాగాలు కూడా పనిచేశాయి. పేరు చదివితే చాలు.

మేనమామ: పేరు చదివితే చాలు! మళ్ళీ అను ఆ మాట. "ముక్కుపుటాలను అదరగొట్టే మధురమైన ఘుమఘుమలాడే దాల్చినచెక్క" అని రాయనక్కర్లేదు. దాల్చినచెక్క అంటే చాలు. నేను కథల్లో కొట్టేసినవన్నీ ఆ ఘుమఘుమలే. విశేషణాలు తీసేసి వస్తువు పేరు ఉంచేవాణ్ణి. కొందరు రచయితలు నొచ్చుకునేవారు. నీ స్పెయిన్ వాళ్ళు అప్పుడే దొరికి ఉంటే చూపించేవాణ్ణి.

మేనకోడలు: దీంట్లో మనిద్దరం ఒకటే. పిల్లల దగ్గర మూట పేరు చెప్పొద్దన్నాను గాని, రాసేటప్పుడు మాత్రం పేరే రాయమంటాను.

మేనమామ: సరే, ఇప్పుడు నా అసలు సాక్షిని పిలుస్తాను. హెలెన్ కెల్లర్. పంతొమ్మిది నెలల పసిబిడ్డగా ఉన్నప్పుడు జబ్బు చేసి చూపూ వినికిడీ పోయాయి. పదకొండేళ్ళ వయసులో 'ద ఫ్రాస్ట్ కింగ్' అని కథ రాసింది. ఆకురాలు కాలంలో ఆకులకు రంగులు ఎలా వచ్చాయో చెప్పే కథ. చూపులేని పిల్ల రాసిన రంగుల కథ! ఆ రంగులు ఎక్కణ్ణించి వచ్చాయి? భాషలోంచి. ఇంద్రియం లేకపోయినా ఊహ పనిచేస్తుందనడానికి ఇంకేం కావాలి?

మేనకోడలు: ఆ కథ తర్వాత ఏమైందో కూడా చెప్పు.

మేనమామ: చెబుతాను, దాచేదేముంది. అది మార్గరెట్ క్యాన్బీ అనే ఆవిడ అంతకుముందు రాసిన కథలా ఉందని 1892లో బయటపడింది. ఎవరో ఎప్పుడో చేతిలో అక్షరాలు రాసి వినిపించిన కథ ఆ పిల్ల మనసులో ఉండిపోయి, తన ఊహే అనుకుని రాసింది. అంధుల బడిలో పెద్దలు కూర్చోబెట్టి విచారణ చేశారు. పసిదాన్ని అలా నిలదీయడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

మేనకోడలు: నాకూ అంతే. కానీ మావయ్యా, నీ సాక్షి నా వైపు చెప్పింది. తనది కాని ఇంద్రియంతో రాసినప్పుడు ఎవరిదో కథ వచ్చింది. అదే కెల్లర్ 1908లో 'ద వరల్డ్ ఐ లివ్ ఇన్' రాసింది. అందులో ముక్కు ఉంది, చెయ్యి ఉంది. తుపాను వస్తుందని ఆకాశం చెప్పడానికి గంటల ముందే వాసనతో తెలిసేదని రాసింది. పాత పల్లెటూరి ఇంట్లోకి వెళితే అందులో వరసగా కాపురమున్న కుటుంబాలు వదిలిపోయిన వాసనలు పొరలు పొరలుగా తెలిసేవని రాసింది. చూపున్నవాళ్ళెవరికీ ఆ ఊహ రాలేదు. ఇల్లు అంటే గోడలు, గుమ్మాలు చెబుతాం మనం. ఆమె ఇంటి వయసు చెప్పింది.

మేనమామ: అదే పుస్తకంలో రంగుల మాటలు, చూపు మాటలు వాడుకునే హక్కు తనకూ ఉందని వాదించింది. అది మరిచిపోకు. భాష అందరిదీ అంది.

మేనకోడలు: హక్కు ఉంది, నేను కాదనను. ఆమె వాడింది కూడా. కానీ ఆమె పుస్తకం ఇవాళ మనం ఎందుకు చెప్పుకుంటున్నాం? ఆ పొరల ఇంటి కోసం.

మేనమామ: ఊఁ. అది ఒప్పుకోవలసిందే. ఒక్కటి మాత్రం నీ కాగితాల్లో మార్చు. "కళ్ళు మూసుకుని ఒక దృశ్యం ఊహించండి" అని మూడుచోట్ల ఉంది. కళ్ళు మూసుకుంటే ఏమీ కనబడనివాళ్ళు కూడా ఉంటారు. 2015లో ఆడమ్ జెమన్ అనే బ్రిటిష్ వైద్యుడు దానికి అఫాంటేజియా అని పేరు పెట్టాడు. వాళ్ళలో నవలలు రాసేవాళ్ళున్నారు. నీ క్లాసులో అలాంటి పిల్ల ఉంటే, అందరికీ కనబడుతోంది నాకే కనబడటం లేదు, నేను రచనకు పనికిరాను అనుకుంటుంది.

మేనకోడలు: ఇది నిజంగా కావలసిన మాట. తీసేస్తాను. అసలు ఎవరి ఇంద్రియాలు పుస్తకంలోకి వస్తాయి, ఎవరివి రావు అన్నదే నన్ను ఎక్కువ పీడించే సంగతి. కాకినాడ దగ్గర రేవు నుంచి వచ్చిన కుర్రాడు ఒకడున్నాడు. ఇంటి వాసన రాయమంటే ఎండుచేపలు రాశాడు. చదువుతుంటే వెనక బెంచీలో నవ్వారు. వాడు కాగితం మడిచేశాడు. నవ్వినవాళ్ళ కాగితాల్లో ఏముందో తెలుసా? ఫిల్టర్ కాఫీ, సన్నజాజులు, అగరొత్తులు. వాళ్ళలో కొందరి ఇళ్ళలో ఫిల్టర్ కాఫీ తాగరు కూడా. కథల్లో ఉండాల్సిన ఇల్లు అదేనని వాళ్ళకి ఎవరో నేర్పారు.

మేనమామ: మన పత్రికలే నేర్పాయి. వంటింట్లో ఇంగువ పోపు వేస్తే సాహిత్యం, ఎండుచేప కాలిస్తే వార్త. దీని మీద నీతో వాదన లేదు, నీకంటే నాకు కోపం ఎక్కువ. కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' చదివించు వాళ్ళ చేత. ముసలివాడు, రాత్రి, అడవి, తప్పిపోయిన పంది. దానికోసం వాడు చెవులు రిక్కించి వెతుకుతుంటే చదివే మనం కూడా ఊపిరి బిగబట్టి వింటాం. పందులు కాసే మనిషి చెవిని తెలుగు నవలలో అంత గౌరవంగా నిలబెట్టిన పుస్తకం అది. రాసినాయన వృత్తికి డాక్టరు. ఎంత దగ్గరగా చూసి, విని ఉండాలి!

మేనకోడలు: చూశావా, విని ఉండాలి అన్నావు.

మేనమామ: అన్నాను. పనికి ఒక ఇంద్రియం ఉంటుందమ్మా. మా ప్రెస్సులో కంపోజిటర్లు ఉండేవారు. సీసపు అక్షరాలు గళ్ళ కేసులో ఉండేవి. వాళ్ళ కళ్ళు రాతప్రతి మీద ఉండేవి, చెయ్యి దానంతటది గడిలోకి పోయి అక్షరం తెచ్చేది. ప్రతి అక్షరం ఒంటి మీద చిన్న గాటు ఉంటుంది. అది బొటనవేలికి తగిలితే అక్షరం తలకిందులుగా ఉందో సరిగా ఉందో తెలుస్తుంది. అక్షరాలు పేర్చే స్టిక్కులో వరస నిండిందో లేదో బిగువును బట్టి చెప్పేవారు. ఎన్నో కథల్ని ముందు చదివింది వాళ్ళ బొటనవేళ్ళు. ఆ వేలి గురించి ఒక్క కథ కూడా నా బల్ల మీదికి రాలేదు.

మేనకోడలు: నువ్వెందుకు రాయలేదు?

మేనమామ: వేలు నాది కాదు. దిద్దుబాట్లు చేసినవాణ్ణి నేను, అక్షరాలు పేర్చినవాళ్ళు వాళ్ళు. వాళ్ళ పిల్లల్లో ఎవరైనా నీ శిబిరానికి వస్తే అడుగు. నాన్న చేతికి ఏ వాసన ఉండేదో అడక్కు, అందరూ సిరా వాసన అనేస్తారు. అన్నం కలిపేటప్పుడు బొటనవేలు ఎలా కదిలేదో అడుగు.

మేనకోడలు: మావయ్యా, ఇది నా పాఠంలో రాసుకుంటున్నాను. ఇలాంటి ప్రశ్నలే కావాలి నాకు. అయితే ఒక అనుమానం. ఇంద్రియం సగమే చెప్పాలన్నావు. ఒక్కోసారి ఇంద్రియం పూర్తిగా తప్పు చెప్పినా కథ పుడుతుంది కదా? రాయలవారి ఆముక్తమాల్యదలో బాతుల పద్యం చూడు. విల్లిపుత్తూరులో పొలం కాలువల పక్కన బాతులు తలలు రెక్కల్లో దూర్చి నిద్రపోతుంటాయి. తెల్లవారకముందు స్నానానికి వచ్చిన బ్రాహ్మలు పిండిన బట్టలు మరిచిపోయి వెళ్ళారని కావలివాళ్ళు అనుకుంటారు. వాటిని ఇళ్ళకి చేరుద్దామని కాలువలోకి దిగుతారు. బాతులు లేచి పారిపోతాయి. వరిచేలు కాసే పడుచులు పకపకా నవ్వుతారు.

మేనమామ: దానికి సాటి పద్యం లేదు! చక్రవర్తి అయ్యుండి పిండిన పంచె ముద్ద ఎలా ఉంటుందో చూశాడు, నిద్రపోయే బాతు ఎలా ఉంటుందో చూశాడు. రెండూ వేరువేరు రోజుల్లో చూసి ఉంటాడు. ఎప్పుడో మనసులో అవి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అంతవరకూ అయితే అది ఉపమానం. ఆ పోలికను కావలివాళ్ళ కళ్ళలో పెట్టి, వాళ్ళని నీళ్ళలోకి దింపాడు. అప్పుడు మంచితనం వచ్చింది, తొందరపాటు వచ్చింది, గట్టున నిలబడి నవ్వేవాళ్ళు వచ్చారు. నాలుగు పాదాల్లో ఊరంతా వచ్చింది.

మేనకోడలు: అయితే పిల్లలకు ఇదే అభ్యాసంగా ఇస్తాను. మీ ఊళ్ళో దూరం నుంచి చూస్తే ఇంకోటి అనిపించే వస్తువు ఒకటి చెప్పండి, ఆ పొరపాటు పడిన మనిషి దాని వైపు నడవాలి, ఎందుకు నడిచాడో మాకు తెలియాలి.

మేనమామ: ఇప్పుడు నీ అయిదు ఇంద్రియాల జాబితా కొట్టేయి.

మేనకోడలు: కొట్టేయను, మారుస్తాను. అయిదింట్లో ఒక్కటి ఎంచుకోవాలి. ఇంకొకటి నిషేధం. నిషేధించింది కథలో ఎక్కడా రాకూడదు, కానీ అది లేని వెలితి చదివేవాళ్ళకి తెలియాలి. గాజుల చప్పుడులా.

మేనమామ: నిషేధం అందరికీ కన్నే పెట్టు. కన్ను ఉంటే మిగతావాటిని మాట్లాడనివ్వదు.

మేనకోడలు: ఆ మాట ఒప్పుకోను. ఎండుచేపల కుర్రాడికి కన్ను కావాలి. వల ఆరేసిన తీరు చూసి ఎవరి పడవ వచ్చిందో చెబుతాడు వాడు. ఎవరికి ఏది తేలిగ్గా వస్తుందో చూసి అది నిషేధిస్తాను. సన్నజాజుల వాళ్ళకి ముక్కు మూసేస్తాను.

మేనమామ: అది న్యాయంగా ఉంది. ముందు మాత్రం ప్రవరుడి ఘట్టం చదివించు. పరిమళం వచ్చిన పద్యం, ఆ వెనక పద్యం, రెండూ అర్థం చెప్పి, ఆ తర్వాత రాయించు. పెద్దన ఎంత చెప్పాడో, ఎంత దాచాడో చూడకుండా రాస్తే మళ్ళీ ఘుమఘుమలే వస్తాయి.

మేనకోడలు: ముందు చదివిస్తే అందరి కథల్లోనూ గాలి వీస్తుంది, తాంబూలం వాసన వస్తుంది. పెద్దనను అనుకరిస్తారు. ముందు రాస్తారు, తర్వాత చదువుతారు.

మేనమామ: మంచిదాన్ని అనుకరించి చెడిపోయినవాళ్ళు నాకు తగల్లేదు.

మేనకోడలు: నాకు రోజూ తగులుతారు.

మేనమామ: పోనీ క్లాసును రెండు చేయి. సగంమంది పద్యం చదివి రాస్తారు, సగంమంది రాసి చదువుతారు. కాగితాలన్నీ నాకు పంపు.

మేనకోడలు: పేర్లు తీసేసి, కలగలిపి పంపుతాను. ఎవరు చదివి రాశారో, ఎవరు చదవకుండా రాశారో నువ్వు విడదీసి చెప్పాలి. చెప్పగలిగితే వచ్చే ఏడాది పాఠం నీ పద్ధతిలోనే మొదలవుతుంది.

మేనమామ: పంపు. ఎర్ర సిరా పెన్ను తీసి పెట్టుకుంటాను.